అమెరికాలో ప్రైవేట్ స్టూడెంట్ లోన్ డిఫాల్ట్ అయిందా? కోర్టు గడువు ముగిసిందో లేదో తేల్చుకోండిలా

కలెక్షన్ ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తుంది. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంటుంది. "మొత్తం ఇప్పుడే కట్టమనడం లేదండీ, ఈ రోజు యాభై డాలర్లు వేయండి చాలు, మీరు సహకరిస్తున్నారని ఫైల్లో రాసుకుంటాం" అంటారు. అది ఐదారేళ్ల కిందట వాయిదాలు ఆగిపోయిన లోన్. యాభై డాలర్లతో పోయేదేముంది, ఈ ఫోన్ల టెన్షన్ తగ్గుతుంది కదా అనిపిస్తుంది. కానీ కొన్ని రాష్ట్రాల్లో, మీ మీద కోర్టుకు వెళ్లడానికి అప్పిచ్చినవాళ్లకు ఉండే గడువును ఆ యాభై డాలర్లే మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెడతాయి.

ప్రోనోటు వ్యవహారాలు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మూడేళ్లు నిండబోతున్నాయనగా అప్పిచ్చినాయన ఇంటికొచ్చి, ఎంతో కొంత తీసుకుని నోటు వెనక చెల్లు రాయించుకుని పోతాడు. ఆయనకు కావలసింది ఆ పూట డబ్బు కాదు, కొత్త తేదీ. అమెరికాలో కలెక్షన్ వాళ్లు ఫోన్లో అడిగేదీ చాలాసార్లు ఆ తేదీయే.

ఇది కట్టగలిగి కూడా ఎగ్గొట్టాలనుకునేవాళ్ల కోసం రాసింది కాదు. గడువు ముగిసేదాకా కళ్లు మూసుకుని కూర్చుందాం అనుకోవడం మంచి ప్లానూ కాదు. ఆ గడువు లోపల ఏ రోజైనా కేసు వేయవచ్చు. ఒకసారి తీర్పు వచ్చిందంటే అది పది, ఇరవై ఏళ్లు మెడకు చుట్టుకుంటుంది. ఇప్పటికే పాతబడిన లోన్ మీద ఫోన్లు, ఉత్తరాలు, సమన్లు వస్తున్నవాళ్లు తాము ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. కోర్టు కాగితం చేతికి వస్తే మాత్రం మీ రాష్ట్రంలో ప్రాక్టీస్ చేసే లాయరుకు తప్పకుండా చూపించండి.

1. ముందు అది ప్రైవేట్ లోనేనా చూడండి

ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ, స్టూడెంట్ లోన్లకు కాలపరిమితి లేదు. 1991లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి దాన్ని ఎత్తేసింది. ఇరవై ఏళ్ల తర్వాతైనా వసూలు చేయవచ్చు, పైగా కోర్టుకు వెళ్లకుండానే జీతంలో కోత పెట్టవచ్చు, ట్యాక్స్ రిఫండ్ పట్టుకోవచ్చు. ఇక్కడ చెప్పే లెక్కలేవీ వాటికి వర్తించవు.

ఎఫ్-1 వీసా మీద వచ్చి చదివినవాళ్లకు ఈ గొడవ లేదు. వాళ్లకు ఫెడరల్ లోన్ తీసుకునే అర్హతే ఉండదు కాబట్టి వాళ్లది అమెరికా ప్రైవేట్ లోన్ అయినా కావాలి, ఇండియాలో తీసుకున్నదైనా కావాలి. (ఇండియా లోన్ సంగతి చివర్లో ఉంది.) గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లలు ఉన్న కుటుంబాలే జాగ్రత్తగా చూసుకోవాలి. ఒకే విద్యార్థి పేరు మీద రెండు రకాలూ ఉంటాయి. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్ ఫెడరల్. 2010కి ముందు ఇచ్చిన కొన్ని లోన్ల మీద బ్యాంకు పేరు ఉంటుంది కానీ అవీ ఫెడరల్ లోన్లే. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో లాగిన్ అయి చూడండి. మీ లోన్ అక్కడ కనిపిస్తే ఫెడరల్, లేకపోతే ప్రైవేట్ అనుకోవచ్చు.

2. తేదీ తేలేదాకా ఫోన్లో ఏమీ ఒప్పుకోకండి

"అవునండీ, ఆ లోన్ నాదే, వచ్చే నెల కడతాను" అన్న మాట రికార్డ్ అవుతుంది. చాలా రాష్ట్రాల్లో గడువు మళ్లీ మొదలవాలంటే రాతపూర్వక ఒప్పుకోలు కానీ, ఎంతో కొంత చెల్లింపు కానీ ఉండాలి, నోటిమాట చాలదు. అయినా ఏ రాష్ట్రం చట్టం మీకు వర్తిస్తుందో ఇంకా తేలలేదు కదా. "దయచేసి అన్నీ పోస్టులో పంపండి, నేను ఫోన్లో మాట్లాడను" అని పెట్టేయండి. బ్యాంకు అకౌంట్ నంబరు, డెబిట్ కార్డు నంబరు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. పాత ఆటో డెబిట్ ఏదైనా ఇంకా బతికి ఉందేమో మీ బ్యాంకులో చూసి ఆపించండి. మీకు తెలియకుండా పోయిన చిన్న మొత్తం కూడా చెల్లింపే అని వాళ్లు వాదిస్తారు.

ఏజెన్సీ మొదటిసారి మిమ్మల్ని సంప్రదించాక బాకీ వివరాలతో నోటీసు ఇవ్వాలి. అది అందిన 30 రోజుల్లోపు "ఈ బాకీ నాకు తెలియదు, రుజువు చూపించండి" అని రాతపూర్వకంగా అడిగితే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రసీదుతో పంపండి. అడగాల్సినవి ఇవి: మీరు సంతకం చేసిన అసలు ఒప్పందం, మొదటి నుంచి చివరిదాకా చెల్లింపుల చరిత్ర, డిఫాల్ట్ అయిన తేదీ, మొత్తం బాకీ ఒకేసారి కట్టమన్న నోటీసు తేదీ, లోన్ చేతులు మారిన ప్రతిసారీ ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే కాగితాలు.

ఆ చివరిది చిన్న విషయం కాదు. 2017 సెప్టెంబరులో అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ, నేషనల్ కాలేజియేట్ పేరుతో ఉన్న 15 స్టూడెంట్ లోన్ ట్రస్టుల మీద చర్య తీసుకుంది. దాదాపు 8 లక్షల ప్రైవేట్ లోన్లు ఆ ట్రస్టుల చేతిలో ఉన్నాయి. లోన్ తమదేనని చూపే కాగితాలు లేకుండానే కేసులు వేశారని, గడువు ముగిసిన బాకీల మీద కూడా వేశారని సీఎఫ్‌పీబీ ఆరోపణ. కాలిఫోర్నియాలో అయితే 2022 జులై 1 నుంచి ప్రైవేట్ స్టూడెంట్ లోన్లకే ప్రత్యేక చట్టం ఉంది. నిర్దిష్టమైన కాగితాలు దగ్గర లేకుండా వసూలుకు దిగడానికే వీల్లేదు.

ఈలోపు వాళ్లు హద్దు దాటితే అదీ రాసిపెట్టుకోండి. ఏజెన్సీలు ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత ఫోన్ చేయకూడదు. ఒక బాకీ మీద ఏడు రోజుల్లో ఏడుసార్లకు మించి చేయకూడదు. కోసైనర్లు (లోన్‌కు మీతో పాటు పూచీగా సంతకం పెట్టినవాళ్లు) కానివాళ్లకు, అంటే మీ రూమ్మేటుకో ఊళ్లో ఉన్న మేనమామకో, మీ అప్పు సంగతి చెప్పకూడదు. అరెస్టు చేయిస్తామని బెదిరించకూడదు. లోన్ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, నేరం కాదు. ఈ నియమాలు బయటి ఏజెన్సీలకు, బాకీలు కొనుక్కున్నవాళ్లకు వర్తిస్తాయి. సొంతంగా వసూలు చేసుకునే అసలు బ్యాంకుకు ఈ ఫెడరల్ చట్టం వర్తించదు. అయితే కేసు వేసే గడువు మాత్రం బ్యాంకుకూ ఉంటుంది.

3. గడియారం మొదలైన తేదీ పట్టుకోండి

అసలు పని ఇదే. ఎక్కువ మంది తప్పు తేదీ పట్టుకుని కూర్చునేదీ ఇక్కడే. లోన్ తీసుకున్న తేదీ నుంచి కాదు, చదువు అయిపోయిన తేదీ నుంచి కాదు, ఏజెన్సీ మొదటిసారి ఫోన్ చేసిన రోజు నుంచీ కాదు. ఒప్పందం ఉల్లంఘన జరిగిన రోజు నుంచి లెక్క.

స్టూడెంట్ లోన్ వాయిదాల్లో కట్టేది కాబట్టి ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా రాష్ట్రాల్లో కట్టని ప్రతి వాయిదాకూ విడివిడిగా గడువు నడుస్తుంది. మార్చి వాయిదా గడువు మార్చిలో, ఏప్రిల్ వాయిదా గడువు ఏప్రిల్‌లో మొదలవుతుంది. కొన్ని వాయిదాలు కట్టకపోయాక బ్యాంకు "ఇక మొత్తం బాకీ ఒకేసారి కట్టాలి" అంటుంది. దీన్నే యాక్సిలరేషన్ అంటారు. ఆ రోజు నుంచి మిగిలిన మొత్తానికి ఒకే గడియారం. ప్రైవేట్ లోన్లలో సాధారణంగా 120 రోజుల దగ్గర లోన్‌ను డిఫాల్ట్‌గా చూసి, చార్జ్ ఆఫ్ చేస్తారు, అంటే తమ లెక్కల్లో నష్టం కింద రాసుకుంటారు. యాక్సిలరేషన్ నోటీసు దొరక్కపోతే చార్జ్ ఆఫ్ తేదీ మంచి ఆధారం. కొన్ని కోర్టులు చివరి చెల్లింపు తర్వాత తప్పిన మొదటి వాయిదానే తీసుకుంటాయి. అందుకని మూడు తేదీలూ ఒక కాగితం మీద రాసుకోండి: చివరిసారి కట్టినది, మొదటిసారి తప్పినది, చార్జ్ ఆఫ్ లేదా యాక్సిలరేషన్. లెక్క వేసేటప్పుడు వీటిలో అన్నిటికన్నా ఆలస్యమైన తేదీతో వేయండి. దాని ప్రకారం కూడా గడువు దాటిందంటే మీరు గట్టి నేల మీద ఉన్నట్టు.

తేదీలు ఎక్కడ దొరుకుతాయంటే, మొదట మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు. చివరిసారి డబ్బు ఎప్పుడు పోయిందో వాళ్ల కాగితం కన్నా మీ బ్యాంకు కాగితమే గట్టిగా చెబుతుంది. పాత అకౌంట్ మూసేసి ఉంటే పాత స్టేట్‌మెంట్ల కోసం బ్యాంకుకు వెంటనే రాయండి, వాళ్లు ఎల్లకాలం దాచరు. తర్వాత క్రెడిట్ రిపోర్టులు. యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడూ ఉచితంగా వస్తాయి. వాటిలో అసలు బ్యాంకు పేరు మీదున్న ఎంట్రీ చూడండి. కలెక్షన్ ఏజెన్సీ ఎంట్రీలో "ఓపెన్ అయిన తేదీ" అని ఉండేది ఆ బాకీ వాళ్ల చేతికి వచ్చిన రోజు. దానికీ మీ గడువుకూ సంబంధం లేదు. బాకీ పది చేతులు మారినా గడియారం మళ్లీ మొదలు కాదు.

4. ఏ రాష్ట్రం చట్టం, ఎన్నేళ్లు

ప్రైవేట్ లోన్‌కు దేశమంతటికీ ఒకే గడువు లేదు. రాతపూర్వక ఒప్పందాలకు ప్రతి రాష్ట్రానికీ తన లెక్క ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల చూస్తే టెక్సస్, కాలిఫోర్నియా, పెన్సిల్వేనియాల్లో 4 ఏళ్లు. నార్త్ కరోలినాలో 3. వర్జీనియా, ఫ్లోరిడాల్లో 5. న్యూజెర్సీ, జార్జియా, మిషిగన్, వాషింగ్టన్‌లలో 6. ఇల్లినాయిలో ఏకంగా 10. ఒహాయోలో 8 ఉండేది, 2021లో 6కు తగ్గించారు. న్యూయార్క్‌లో 6 ఉండేది, 2022 ఏప్రిల్ 7 నుంచి వినియోగదారుల అప్పులకు 3 చేశారు. చట్టాలు ఇలా మారుతూనే ఉంటాయి, కాబట్టి లెక్క వేసే రోజున మీ రాష్ట్ర కోర్టు వెబ్‌సైట్‌లో మరోసారి చూడండి.

లోన్ పత్రం ప్రామిసరీ నోటు కిందికి వస్తుందని, కాబట్టి 6 ఏళ్లు ఉందని వసూలు చేసేవాళ్ల తరఫు లాయర్లు కొందరు వాదిస్తారు. షరతులతో నిండి ఉండే స్టూడెంట్ లోన్ ఒప్పందాలు ఆ కోవలోకి రావన్నది అప్పు తీసుకున్నవాళ్ల వాదన. 4 ఏళ్ల రాష్ట్రంలో ఉండి, 4 దాటి 6 నిండనివాళ్లు ఈ గొడవ వస్తుందని ముందే తెలుసుకుని ఉండాలి.

ఇక ఏ రాష్ట్రం? టెక్సస్‌లో చదివి, న్యూజెర్సీలో ఉద్యోగం చేసి, ఇప్పుడు నార్త్ కరోలినాలో ఉన్నవాడికి ఏది వర్తిస్తుంది? ఫెడరల్ చట్టం ప్రకారం ఏజెన్సీలు మీరు ప్రస్తుతం ఉంటున్న చోటగానీ, ఒప్పందం మీద సంతకం చేసిన చోటగానీ మాత్రమే కేసు వేయాలి. మామూలుగా కేసు వేసిన రాష్ట్రం తన గడువునే వాడుతుంది. ఒప్పందంలో "ఫలానా రాష్ట్రం చట్టం వర్తిస్తుంది" అన్న వాక్యం ఉన్నా చాలా కోర్టులు గడువు విషయంలో దాన్ని పట్టించుకోవు, ఆ వాక్యంలో గడువు అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప. మరికొన్ని రాష్ట్రాల్లో బయట పుట్టిన వివాదానికి రెండు గడువుల్లో ఏది తక్కువైతే అదే తీసుకోవాలన్న చట్టం ఉంది, న్యూయార్క్‌లో ఉన్నట్టు. కాబట్టి సంబంధమున్న రాష్ట్రాలన్నిటి గడువులూ రాసి పెట్టుకోండి.

5. గడియారం మధ్యలో ఆగిందా, మళ్లీ మొదలైందా

లెక్క తప్పే ఇంకో చోటు ఇది. గడువు లోపల ఎప్పుడైనా చిన్న మొత్తం కట్టారా? సెటిల్‌మెంట్ పత్రం మీద సంతకం చేశారా? "నా బాకీ ఇంత ఉంది, కొంచెం టైమ్ ఇవ్వండి" అని ఈమెయిల్ పెట్టారా? చాలా రాష్ట్రాల్లో వీటితో కొత్త గడువు మొదలవుతుంది. గడువు ముగిసిపోయాక కట్టినదానికి కూడా కొన్నిచోట్ల అదే ఫలితం. న్యూయార్క్‌లో ఇప్పుడు అలా జరగదు. టెక్సస్‌లో బాకీ కొనుక్కున్న కంపెనీల విషయంలోనూ అంతే, 2019 నుంచి.

రాష్ట్రం వదిలి వెళ్లిన కాలాన్ని లెక్కలోంచి తీసేసే చట్టాలు కొన్నిచోట్ల ఉన్నాయి. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్ మూడింటిలోనూ ఏదో ఒక రూపంలో అది ఉంది, మినహాయింపులతో సహా. లోన్ ఆగిపోయాక రెండేళ్లు ఇండియాలో ఉండి తిరిగొచ్చినవాళ్లు ఆ రెండేళ్లను గడువులో కలిపేసుకోకుండా లాయరును అడగాలి. కోవిడ్ సమయంలోనూ కొన్ని రాష్ట్రాలు గడియారం ఆపాయి. న్యూయార్క్‌లో 2020 మార్చి 20 నుంచి 228 రోజులు, కాలిఫోర్నియాలో 2020 ఏప్రిల్ 6 నుంచి అక్టోబరు 1 దాకా. ఆ కాలం ముగియకముందే డిఫాల్ట్ అయినవాళ్లు ఇది కలుపుకోవాలి.

కోసైనర్ సంగతి విడిగా చూడాలి. ఎఫ్-1 విద్యార్థికి ప్రైవేట్ లోన్ ఇవ్వాలంటే చాలా బ్యాంకులు సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉన్న కోసైనర్‌ను అడుగుతాయి. బాబాయో, అక్క భర్తో, నాన్న స్నేహితుడో సంతకం పెడతారు. ఒక ఉదాహరణ వేసుకుందాం. అబ్బాయి టెక్సస్‌లో చదువుతూ లోన్ తీసుకున్నాడు, అక్కడే ఉన్నాడు. బాబాయి న్యూజెర్సీలో ఉండి సంతకం పెట్టాడు. 2020 అక్టోబరు నుంచి వాయిదాలు ఆగాయి, 2021 ఫిబ్రవరిలో మొత్తం కట్టమని నోటీసు వచ్చింది. మధ్యలో ఎవరూ ఏమీ కట్టలేదు. అబ్బాయికి టెక్సస్ లెక్కన 2025 ఫిబ్రవరితో గడువు ముగిసింది. బాబాయి మీద న్యూజెర్సీలో కేసు వేస్తే 2027 ఫిబ్రవరి దాకా ఉంది. అబ్బాయి తన గడువు చూసుకుని హమ్మయ్య అనుకుంటాడు. కలెక్షన్ వాళ్లు బాబాయి తలుపు తడతారు. కాబట్టి లెక్క ఎప్పుడూ ఇద్దరికీ వేయాలి, ఆ లెక్క బాబాయికి చెప్పాలి కూడా. ఈ విషయం దాచిపెట్టడం వల్ల చెడిపోయేది క్రెడిట్ ఒక్కటే కాదు.

6. గడువు ముగిసిందని తేలితే

ఏజెన్సీకి ఒక చిన్న ఉత్తరం రాయండి. నాలుగు వాక్యాలు చాలు. ఫలానా రిఫరెన్స్ నంబరుతో మీరు అడుగుతున్న బాకీని నేను ఒప్పుకోవడం లేదు. నా రాష్ట్ర చట్టం ప్రకారం దీని మీద కేసు వేసే గడువు ముగిసింది. ఈ ఉత్తరం ఏ బాకీనీ అంగీకరించినట్టు కాదు, గడువును పొడిగించినట్టు కాదు. ఇకపై నన్ను సంప్రదించకండి. ఇంతే. కష్టాలు, ఉద్యోగం పోయిన సంగతి, అమ్మ ఆపరేషన్ సంగతి ఏవీ వద్దు. కథ చెప్పేకొద్దీ అందులో ఒప్పుకోలు దూరిపోతుంది.

2021 నవంబరు 30 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం, గడువు దాటిన బాకీ మీద ఏజెన్సీలు కేసు వేయకూడదు, వేస్తామని బెదిరించకూడదు. అలా చేస్తే మీరే వాళ్ల మీద కేసు వేయవచ్చు, కానీ ఏడాదిలోపు. నష్టపరిహారం కాక వెయ్యి డాలర్ల దాకా అదనంగా ఇప్పించే వీలుంది, గెలిస్తే లాయరు ఫీజు కూడా వాళ్లే కట్టాలి. అందుకే కొందరు లాయర్లు మీ దగ్గర డబ్బు తీసుకోకుండానే ఇలాంటివి పట్టుకుంటారు.

అయితే గడువు ముగిస్తే బాకీ మాయం కాదు. విస్కాన్సిన్, మిసిసిపీల్లో తప్ప చాలాచోట్ల బాకీ అలాగే ఉంటుంది, కోర్టు దారి మాత్రమే మూసుకుంటుంది. మర్యాదగా అడిగే హక్కు వాళ్లకు మిగులుతుంది. క్రెడిట్ రిపోర్టు గడువు పూర్తిగా వేరు. డిఫాల్ట్‌కు దారితీసిన మొదటి ఆలస్యం నుంచి సుమారు ఏడేళ్లు అది అక్కడ ఉంటుంది, కేసు గడువు ముందే ముగిసినా సరే. ఏడేళ్లు దాటినా తీయకపోతే క్రెడిట్ బ్యూరోల దగ్గర వివాదం వేయండి.

7. సమన్లు వస్తే: ఈ అధ్యాయం రెండుసార్లు చదవండి

గడువు ఎప్పుడో ముగిసిందని ఖాయంగా తెలిసినవాళ్లు కూడా ఓడిపోతారు. కారణం ఒకటే, కోర్టుకు జవాబు ఇవ్వకపోవడం. "గడువు దాటింది కదా, జడ్జే కొట్టేస్తారు" అనుకుంటారు. అమెరికా కోర్టుల్లో అలా జరగదు. గడువు దాటిందన్నది ప్రతివాది లేవనెత్తాల్సిన వాదన. మీరు రాతపూర్వక జవాబులో చెప్పకపోతే దాన్ని వదులుకున్నట్టే. అసలు జవాబే ఇవ్వకపోతే డిఫాల్ట్ తీర్పు వస్తుంది, గడువు దాటిన బాకీ మీద కూడా.

సమన్లలో జవాబుకు గడువు రాసి ఉంటుంది. కాలిఫోర్నియాలో 30 రోజులు. న్యూయార్క్‌లో చేతికి ఇస్తే 20, వేరే పద్ధతిలో అందితే 30. టెక్సస్ జిల్లా, కౌంటీ కోర్టుల్లో 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు, చిన్న మొత్తాలు చూసే జస్టిస్ కోర్టులో 14 రోజులు. ఇవన్నీ మీకు కాగితం అందిన రోజు నుంచే అనుకుని లెక్క వేసుకోండి. ఎవరు, ఎలా, ఎప్పుడు ఇచ్చారో అదే రోజు రాసుకుని కవరు కూడా దాచండి.

జవాబు ఫారం చాలా కోర్టుల వెబ్‌సైట్లలో దొరుకుతుంది. అందులో వాళ్లు చేసిన ఒక్కో ఆరోపణకూ అవును, కాదు, నాకు తెలియదు అని రాయాలి. తర్వాత మీ వాదనలు. మొదటిది గడువు. "ఈ దావా చట్టం నిర్దేశించిన కాలపరిమితి దాటాక వేసింది" అన్న ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి, ఫారంలో గడి ఉంటే టిక్ పెట్టాలి. రెండోది, లోన్ తమదేనని చూపే కాగితాలు వాళ్ల దగ్గర లేవన్నది. కాపీ ఒకటి అవతలి లాయరుకు పంపి, పంపినట్టు రుజువు కోర్టులో దాఖలు చేయండి. ఫీజు కట్టలేకపోతే మినహాయింపు ఫారం ఉంటుంది.

విచారణ రోజు వెళ్లండి. కారిడార్లో అవతలి లాయరు వచ్చి "నెలకు వంద కడితే ఇక్కడే తేల్చేద్దాం" అని కాగితం చాపవచ్చు. అది సంతకం చేస్తే గడువు వాదన పోయినట్టే. ముందు జడ్జి ముందు ఆ వాదన చెప్పండి. లాయరు కోసం మీ కౌంటీ లీగల్ ఎయిడ్, దగ్గర్లోని లా స్కూల్ క్లినిక్, వినియోగదారుల లాయర్ల జాతీయ సంఘం (NACA) వెబ్‌సైట్ చూడండి. తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇమిగ్రేషన్ లాయర్ల పేర్లు పది వస్తాయి. ఇది వాళ్ల పని కాదు.

8. తీర్పు ఎప్పుడో వచ్చేసిందని ఇప్పుడు తెలిస్తే

జీతంలో కోత పడ్డాకే చాలామందికి తెలుస్తుంది. సమన్లు పాత అపార్ట్‌మెంటుకు వెళ్లి ఉంటాయి. కోర్టు క్లర్కు దగ్గర ఫైలు తీసుకుని, సమన్లు ఎవరికి ఇచ్చామని ప్రమాణపత్రంలో రాశారో చూడండి. ఆ రోజు మీరు ఆ ఇంట్లో లేరని లీజు, కరెంటు బిల్లు, పాస్‌పోర్టు స్టాంపుతో చూపగలిగితే తీర్పు రద్దు చేయమని అడగవచ్చు. న్యూయార్క్‌లో తగిన కారణం చూపేవాళ్లకు ఏడాది గడువు, సమన్లు సరిగా అందనివాళ్లకు ఆ గడువు అడ్డు రాదు. తీర్పు రద్దయితే మీ గడువు వాదన మళ్లీ బతుకుతుంది.

రద్దు కాకపోతే తీర్పుకు సొంత ఆయుష్షు ఉంటుంది. న్యూయార్క్‌లో 20 ఏళ్లు, కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 10, పొడిగించుకునే వీలుతో. ఫెడరల్ పరిమితి ప్రకారం చేతికొచ్చే జీతంలో 25 శాతానికి మించి కోయకూడదు. టెక్సస్, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినాల్లో ఇలాంటి అప్పులకు జీతం కోత దాదాపు ఉండదు, కానీ బ్యాంకు అకౌంట్‌కు ఆ రక్షణ లేదు.

9. గడువు ఇంకా మిగిలి ఉంటే

సెటిల్‌మెంట్ మాట్లాడుకోవచ్చు. ఒకేసారి కట్టగల మొత్తం చేతిలో ఉంటేనే బేరం నడుస్తుంది. నెలనెలా చిన్న మొత్తాలు కడతానంటే బాకీ తగ్గదు, గడువు మాత్రం కొత్తదవుతుంది. డబ్బు కదిలే ముందే ఒప్పందం కాగితం మీద రావాలి, అందులో కోసైనర్ పేరు కూడా విముక్తి జాబితాలో ఉండాలి. రద్దు చేసిన మొత్తం 600 డాలర్లు లేదా అంతకు మించి ఉంటే, అప్పు రద్దయిందని చూపే 1099-సి ఫారం వచ్చి అది ఆదాయం కింద పడవచ్చు. స్టూడెంట్ లోన్లకు ఇచ్చిన తాత్కాలిక పన్ను మినహాయింపు 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఆ సమయానికి మీ ఆస్తుల కన్నా అప్పులే ఎక్కువ ఉంటే ఫారం 982తో మినహాయింపు అడగవచ్చు.

ముందే ఫీజు కట్టమని ఫోన్ చేసే "డెట్ రిలీఫ్" కంపెనీలకు దూరంగా ఉండండి. ఫోన్లో అమ్మే ఆ సేవలకు ఫలితం రాకముందే ఫీజు తీసుకోవడం నిషేధం.

10. ఇండియాకు తిరిగొచ్చేసినవాళ్లు, ఇండియాలోనే లోన్ తీసుకున్నవాళ్లు

అమెరికా కోర్టు తీర్పును ఇండియాలో నేరుగా అమలు చేయలేరు. అమెరికా మన ప్రభుత్వం గుర్తించిన పరస్పర అమలు దేశాల్లో లేదు. అందుకని ఆ తీర్పు ఆధారంగా ఇండియాలో కొత్తగా దావా వేయాలి, దానికి తీర్పు తేదీ నుంచి 3 ఏళ్ల గడువు. మీరు లేకుండా, విచారణ లేకుండా ఇచ్చిన తీర్పు అయితే కేసు బలాబలాలు చూసి (ఆన్ మెరిట్స్) ఇచ్చింది కాదని ఎదుర్కొనే వీలుంది. అయితే మళ్లీ అమెరికా వెళ్తే ఆ తీర్పు అక్కడే కాచుకుని ఉంటుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాంకు దగ్గర తీసుకున్న విద్యా రుణానికి 1963 కాలపరిమితి చట్టం వర్తిస్తుంది. ఇల్లో పొలమో తాకట్టు లేని లోన్‌కు 3 ఏళ్లు, తాకట్టు ఆస్తి మీద వసూలుకు 12 ఏళ్లు. బాకీ 20 లక్షలు దాటితే బ్యాంకు రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్తుంది, అక్కడా ఇదే చట్టం. అమెరికాతో పెద్ద తేడా ఒకటుంది. సెక్షన్ 3 ప్రకారం గడువు దాటిన దావాను ప్రతివాది అడగకపోయినా కోర్టే కొట్టేయాలి.

కానీ డాలస్‌లో కూర్చుని "మూడేళ్లు దాటింది, ఇక ఇండియా లోన్ అయిపోయింది" అనుకునేవాళ్లు సెక్షన్ 15లోని ఐదో ఉపసెక్షన్ చదవాలి. ప్రతివాది ఇండియాలో లేని కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని అందులో ఉంది. మీరు అమెరికాలో ఉన్నన్నాళ్లూ మీ మీద ఆ గడియారం నడవదు. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టి ఊళ్లోనే ఉన్న నాన్నగారి మీద మాత్రం నడుస్తుంది. అందుకే గడువు దగ్గర పడేకొద్దీ బ్రాంచి నుంచి ఆయనకే ఫోన్లు వస్తాయి, "రివైవల్ లెటర్ మీద ఓ సంతకం పెట్టి వెళ్లండి సార్, ఫార్మాలిటీ" అని. గడువులోపు పెట్టిన ఆ సంతకం సెక్షన్ 18 కింద కొత్తగా మూడేళ్లు ఇస్తుంది. గడువు దాటాక పెట్టే మామూలు ఒప్పుకోలుకు ఆ బలం లేదు. కానీ "ఆ బాకీ కడతాను" అని రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 కింద అదే కొత్త ఒప్పందమవుతుంది. ఆయన బ్యాంకుకు వెళ్లేముందు ఆ కాగితాన్ని ఫోటో తీసి మీకు పంపమనండి. మీరు చదివి, ఊళ్లో తెలిసిన వకీలుకు చూపించాకే పెన్ను తీయమనండి.